పెడల్ దిగిపోతే తప్పంతా గాలిదేనా? కిట్ కారు వెనక సస్పెన్షన్, బ్రేకుల మీద అపోహలు - వాస్తవాలు

"పెడల్ దిగిపోతోందండీ, మళ్లీ ఎయిర్ తీయమంటారా?"

సొంతంగా కిట్ కారు (విడి భాగాలు తెచ్చుకుని మనమే బిగించుకునే కారు) కట్టుకునేవాళ్ల దగ్గర్నుంచి నాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. వెనక విష్‌బోన్లు (చక్రాన్ని చాసిస్‌కి కలిపే చేతులు) బిగించేశారు, హబ్బులు ఎక్కించారు, డోనర్ కారు (భాగాల కోసం విప్పిన పాత కారు) క్యాలిపర్లు, అంటే ప్యాడ్లతో డిస్కుని నొక్కి పట్టేవి, శుభ్రం చేసి పెట్టారు, పైపులు వంచారు, బ్రేక్ ఆయిల్ పోశారు. అంతా బాగానే ఉంది. పెడల్ మాత్రం సగానికి పైగా ఊరికే దిగుతుంది. ఎవరిని అడిగినా ఒకటే మాట, "బ్రేక్ లైన్లో గాలి ఉంది, తీసెయ్". తీస్తారు. మర్నాడు మళ్లీ తీస్తారు. తర్వాత ప్రెషర్ బ్లీడర్ (ఒత్తిడితో ఎయిర్ తీసే పరికరం) కొంటారు, ఆ తర్వాత కొత్త మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ని తోసేది) కొంటారు. డబ్బు సంగతి అలా ఉంచితే, ఇక తమ వల్ల కాదేమోనన్న దిగులు పట్టుకుంటుంది. కారును అలాగే కప్పిపెట్టి వదిలేసినవాళ్లు కూడా నాకు తెలుసు. అందుకే ముందు దీని సంగతి తేల్చి, మిగతావి తర్వాత చెబుతాను.

అపోహ: పెడల్ దిగుతోందంటే లైన్లో గాలి ఉన్నట్టే

పెడల్ దిగడంలో రెండు రకాలున్నాయి. ముందు మీది ఏ రకమో కాలితో పట్టుకోండి. నొక్కిన కొద్దీ మెత్తగా సాగుతూ, ఎంత బలం పెట్టినా గట్టిపడకపోతే అది గాలి కావచ్చు, లేదా ఏదైనా వంగుతూ ఉండొచ్చు. అలా కాకుండా సగం దాకా వట్టిగా దిగి, అక్కడ గట్టిగా ఆగి, గబగబా రెండు మూడు సార్లు తొక్కగానే పైకి వచ్చేస్తోందంటే అది ప్యాడ్లకీ డిస్కుకీ మధ్య ఉన్న ఖాళీ. ఆ ఖాళీ ఎయిర్ తీస్తే పోదు. ఎన్ని సీసాల ఆయిల్ పోసినా పోదు.

కాస్త ఖాళీకే ఇంత దిగుతుందా అని నమ్మనివాళ్లకి చిన్న లెక్క. మాస్టర్ సిలిండర్ 19 మిల్లీమీటర్లు, వెనక క్యాలిపర్ పిస్టన్ 38 మిల్లీమీటర్లు అనుకోండి. వ్యాసం రెట్టింపు కాబట్టి వైశాల్యం 4 రెట్లు. ఒక్కో క్యాలిపర్‌లో పిస్టన్ అర మిల్లీమీటరు అదనంగా జరగాల్సి వస్తే, రెంటికీ కలిపి మాస్టర్ సిలిండర్ 4 మిల్లీమీటర్లు జరగాలి. పెడల్ నిష్పత్తి 5 అయితే, అంటే మాస్టర్ సిలిండర్ 1 జరగడానికి పాదం 5 జరగాల్సి వస్తే, మీ పాదం దగ్గర అది 20 మిల్లీమీటర్లు. అరిగిన ప్యాడ్లు వేసి, పిస్టన్లను పూర్తిగా లోపలికి తిప్పేసి వదిలేశారనుకోండి, ఖాళీ ఒక్కో వైపు 2 మిల్లీమీటర్లు ఉన్నా లెక్క ప్రకారం 80. అంటే పెడల్ నేలకి తగిలినట్టే. లైన్లో ఒక్క బుడగ లేకపోయినా ఇంతే.

మరి ఆ ఖాళీ ఎందుకు మిగిలిపోతుంది? హ్యాండ్‌బ్రేక్ క్యాలిపర్‌లోనే ఉండే రకాల్లో లోపల ఒక స్క్రూ, దాని మీద తనంతట తాను సర్దుకునే అడ్జస్టర్ ఉంటాయి. ప్యాడ్ అరిగే కొద్దీ పిస్టన్‌ని ముందుకు తెచ్చి నిలిపేది అదే. అయితే ఈ రకం క్యాలిపర్లు చాలావాటిలో బయటి లీవర్ పూర్తిగా వెనక్కి వెళ్లి తన స్టాపుకి ఆనుకుని ఉంటేనే అడ్జస్టర్ సరిగ్గా పనిచేస్తుంది. కిట్ కారులో జరిగేది ఏమిటంటే, డోనర్ కారు కేబుల్ పొడవు సరిపోదు. దాన్ని ఎలాగో లాగి బిగిస్తారు. హ్యాండ్‌బ్రేక్ బాగా పట్టాలని ఇంకో రెండు చుట్లు కూడా బిగిస్తారు. దాంతో లీవర్ స్టాపు నుంచి కొంచెం లేచే ఉంటుంది. ఇక అడ్జస్టర్ కదలదు, పిస్టన్ ముందుకు రాదు, మీరు ఎయిర్ తీస్తూనే ఉంటారు.

ఒకాయన ఇలాగే మాస్టర్ సిలిండర్ మార్చేసి, సర్వో (తొక్కే బలాన్ని పెంచే పరికరం) కూడా పెట్టించాలని నా దగ్గరికి వచ్చారు. కారు కిందకి దూరి చూస్తే రెండు వైపులా లీవర్‌కీ స్టాపుకీ మధ్య నా చిటికెన వేలి గోరు దూరేంత సందు. కేబుల్ కొక్కేలు రెండూ విప్పించాను. లీవర్లు టక్కున వెనక్కి వెళ్లి కూర్చున్నాయి. కాసేపు పెడల్ తొక్కుతూ ఉండండి అన్నాను. తొక్కారు, తొక్కారు, కొంతసేపటికి ఆయన మొహం మారింది. "కేబుల్ టైటుగా ఉంటేనే హ్యాండ్‌బ్రేక్ పడుతుందని మావాడు చెప్పాడండీ" అన్నారు. ఆ 'మావాడు' ప్రతి గ్యారేజీలోనూ ఉంటాడు.

వరుస ఇదీ: కేబుల్ పూర్తిగా వదులు చేయండి. లీవర్లు స్టాపు మీద ఉన్నాయని కళ్లతో చూడండి. పెడల్ గట్టిపడేదాకా తొక్కండి. కొన్ని క్యాలిపర్లలో అడ్జస్టర్ హ్యాండ్‌బ్రేక్ లీవర్ కదలిక మీద పనిచేస్తుంది, వాటిని చేత్తో ఆడించాలి. మీది ఏ రకమో డోనర్ కారు మాన్యువల్ చెబుతుంది. కేబుల్ సర్దేది అన్నిటికన్నా చివర, అదీ లీవర్ స్టాపు నుంచి లేవబోయే చోటు దాకానే.

ఇదంతా చేసినా పెడల్ బాగుపడకపోతే ఇవి చూడండి. ఈ తిప్పే రకం పిస్టన్ ముఖం మీద గాడులుంటాయి, లోపలి ప్యాడ్ వెనక చిన్న బొడిపె ఉంటుంది. ఆ బొడిపె గాడిలో కూర్చోవాలి. కూర్చోకపోతే ప్యాడ్ వాలుగా నిలబడి, తొక్కినప్పుడల్లా వంగుతుంది. అచ్చం గాలి ఉన్నట్టే అనిపిస్తుంది. రెండోది, చక్రాలు విప్పి పరీక్షించేటప్పుడు డిస్కుని హబ్బుకి పట్టి ఉంచేది మహా అయితే ఒక చిన్న స్క్రూ. డిస్కు కాస్త ఒరిగినా పెడల్ దిగుతుంది. వాషర్లు వేసి చక్రం నట్లతో డిస్కుని బిగించాకే తొక్కి చూడండి.

నిజంగా గాలే ఉన్న కేసుల్లో కూడా తప్పు చాలాసార్లు ఎయిర్ తీసిన చేతిది కాదు. క్యాలిపర్లు కుడి ఎడమలు మారిపోయి ఎయిర్ బయటికి వదిలే నిపుల్ కిందికి వచ్చేసి ఉంటుంది. కిట్ కారులో ఇది తేలిగ్గా జరుగుతుంది, ఎందుకంటే డోనర్‌లో ఇరుసుకి వెనక ఉన్న క్యాలిపర్ ఇక్కడ ముందుకి రావచ్చు. గాలి పైన ఇరుక్కుంటుంది, మీరు కింద నుంచి ఆయిల్ తీస్తుంటారు. బ్రాకెట్ డిజైనే అలా ఉంటే క్యాలిపర్ విప్పి, నిపుల్ పైకి వచ్చేలా పట్టుకుని, ప్యాడ్ల మధ్య డిస్కు మందం ఉన్న చెక్క పెట్టి ఎయిర్ తీసి, మళ్లీ బిగించుకోవాలి.

ఏ చక్రం దగ్గర తేడా ఉందో తెలియకపోతే, రబ్బరు హోసుల్ని ఒక్కొక్కటిగా హోస్ క్లాంపుతో మూసి పెడల్ తొక్కండి. దేన్ని మూస్తే పెడల్ గట్టిపడిందో తప్పు అక్కడే ఉంది. స్టీలు అల్లిక ఉన్న హోసులకి మాత్రం క్లాంపు వేయకండి, లోపలి గొట్టం పాడవుతుంది.

అపోహ: స్టాండ్ల మీద ఉండగానే బోల్టులన్నీ టార్క్ చేసేస్తే (చెప్పిన బలంతో బిగించేస్తే) ఒక పని అయిపోతుంది

విష్‌బోన్ల కీళ్లలో ఉండే రబ్బరు బుష్‌లకి ఇది శాపం. రబ్బరు లోపలి గొట్టానికీ బయటి గొట్టానికీ అతుక్కుని ఉంటుంది. బోల్టు లోపలి గొట్టాన్ని చాసిస్ బ్రాకెట్‌కి బిగించేస్తుంది. విష్‌బోన్ పైకీ కిందికీ ఆడినప్పుడు ఏదీ జారదు, రబ్బరే మెలిపడుతుంది. చక్రం వేలాడుతూ ఉండగా బిగిస్తే రబ్బరుకి అదే విశ్రాంతి స్థానం. కారు నేల మీద నిలబడ్డ క్షణం నుంచీ మెలిపడి ఉంటుంది, త్వరగా చిరుగుతుంది. పైగా ఆ మెలిక స్ప్రింగులా కారుని పైకి నెడుతుంది. ఎత్తు ఎక్కువైందని మీరు షాక్ అబ్జార్బర్ స్ప్రింగు సీటు తిప్పి దించుతారు. రబ్బరు చిరిగాక ఎత్తు మళ్లీ మారుతుంది.

స్టాండ్ల మీద నట్లు వేలితో బిగించి, కొంచెం ఆనించి వదిలేయండి. బిగించనివాటికి రంగు టేపు చుట్టండి, మర్చిపోతే ప్రమాదం. కారు చక్రాల మీదకి దిగి, ఇంజన్ కూర్చుని, డ్రైవర్ బరువు సీట్లో పడ్డాక, ముందుకీ వెనక్కీ నాలుగడుగులు నెట్టి చక్రాలు సర్దుకున్నాక అసలు టార్క్. అంతదాకా ఆగలేకపోతే, కిట్ మాన్యువల్‌లో ఇచ్చిన ఎత్తుకి హబ్బుని జాకీతో లేపి బిగించండి.

పాలీయురిథేన్ బుష్‌లకి ఈ బాధ లేదు, లోపలి గొట్టం బుష్‌లో తిరుగుతుంది. కిట్‌తో వచ్చిన గ్రీజు రాయండి. గొట్టం బుష్ కన్నా రవ్వంత పొడుగ్గా ఉందో లేదో చూడండి. లేకపోతే బ్రాకెట్ బుష్‌నే నొక్కేసి విష్‌బోన్ బిగుసుకుపోతుంది. షాక్ అబ్జార్బర్ వేయకముందు చేత్తో ఎత్తితే హాయిగా కదలాలి.

మిగతా అపోహలు, త్వరత్వరగా

*వెనక పెద్ద డిస్కులు వేస్తే కారు బాగా ఆగుతుంది.* ఆగదు, తిరిగిపోతుంది. బ్రేకు వేసినప్పుడు బరువు ముందుకి వెళ్తుంది. 600 కిలోల కారు, 2.3 మీటర్ల వీల్‌బేస్, 0.45 మీటర్ల ఎత్తులో గురుత్వ కేంద్రం అనుకుంటే, 0.8 జి (భూమ్యాకర్షణలో 0.8 వంతు) బలంతో ఆపినప్పుడు వెనక చక్రాల మీంచి దాదాపు 94 కిలోలు తగ్గిపోతాయి. తేలికైన వెనక చక్రాలు ముందు లాక్ అయితే కారు గింగిరాలు తిరుగుతుంది. వెనక బ్రేకుల ఒత్తిడిని తగ్గించే డోనర్ కారు ప్రెషర్ వాల్వ్ దాని సొంత బరువుకి పెట్టింది, మీ కారు బరువుకి కాదు.

*పైపు జాయింట్లకి టెఫ్లాన్ టేపు చుడితే కారదు.* అక్కడ ఆయిల్‌ని ఆపేది మర కాదు, ఫ్లేర్ (విప్పార్చిన పైపు కొస). టేపు ముక్కలు ఊడి లోపలికి పోతాయి. కారుతోందంటే ఫ్లేర్ మళ్లీ కొట్టండి.

*నట్టు ఎక్కిందంటే సరైన నట్టే.* ఎం10 మర, 3/8 అంగుళాల యూఎన్‌ఎఫ్ మర చూడ్డానికి అక్కాచెల్లెళ్లు. 3/8 అంటే 9.5 మిల్లీమీటర్లే కాబట్టి ఎం10 రంధ్రంలోకి వదులుగా వెళ్తుంది, బిగిస్తే మర తెగుతుంది. రెండు కార్ల భాగాలు కలిసే చోట పిచ్ గేజ్ (మర చుట్ల మధ్య దూరం చూసేది) పెట్టి చూడండి.

*ఏ బ్రేక్ ఆయిల్ అయినా ఒకటే, నంబరు పెద్దదైతే ఇంకా మంచిది.* డాట్ 3, 4, 5.1 గ్లైకాల్ రకం. డాట్ 5 సిలికాన్, వాటితో కలపకూడదు.

*క్యాలిపర్ జారే స్లైడ్ పిన్నులకి కాపర్ గ్రీజు రాయాలి.* వద్దు, మినరల్ గ్రీజుకి అక్కడి రబ్బరు ఉబ్బిపోతుంది. బ్రేకులకని చేసిన సిలికాన్ గ్రీజు వాడండి.

అపోహ: బ్రేకుల పని ఇంట్లో చేయడమే తప్పు

భయపెట్టేవాళ్లు ఎక్కువ, చూసి చెప్పేవాళ్లు తక్కువ. మాన్యువల్ చదివి, టార్క్ రెంచ్ పట్టుకోగలిగినవాళ్లు నిక్షేపంగా చేసుకోవచ్చు. టెన్షన్ పడటంలో తప్పేమీ లేదు, టెన్షన్ పడేవాళ్లే రెండోసారి చూస్తారు. అయితే మీ పని మీరే పాస్ చేసుకోకండి. అనుభవం ఉన్న ఇంకొకరిని తెచ్చి ప్రతి నట్టూ చూపించండి. ఒకరు పెడల్‌ని బలంగా తొక్కి ఒక నిమిషం పట్టి ఉంచాలి, ఇంకొకరు ప్రతి జాయింటుకీ పొడి టిష్యూ కాగితం అద్ది చూడాలి. కాగితం తడిసినా, తొక్కి పట్టిన పెడల్ మెల్లగా కిందికి జారినా ఆ రోజుకి కారు కదలకూడదు. రెండూ బాగుంటే ఖాళీ చోట, నడక వేగంలో మొదలుపెట్టి, ఆగి, దిగి, నాలుగు చక్రాల దగ్గరా మళ్లీ అద్ది చూడండి.