ఫార్ములా వన్‌లో ‘వేరు కుంపటి’ మాట ఎక్కడిది?

1981 ఫిబ్రవరి 7న దక్షిణాఫ్రికాలోని క్యాలామీలో ఒక రేసు జరిగింది. అర్జెంటీనా డ్రైవర్ కార్లోస్ రాయిటెమన్ గెలిచాడు. బ్రెజిల్ కుర్రాడు నెల్సన్ పికే రెండో స్థానంలో వచ్చాడు. కానీ ఆ రేసు పాయింట్లు చాంపియన్‌షిప్ లెక్కలోకి రాలేదు. ఏడాది చివర పికే 50 పాయింట్లతో చాంపియన్ అయ్యాడు, రాయిటెమన్ 49 దగ్గర ఆగిపోయాడు. అప్పట్లో మొదటి స్థానానికి 9, రెండో స్థానానికి 6 పాయింట్లు. క్యాలామీని కలుపుకుంటే 58, 56. అంటే టైటిల్ రాయిటెమన్‌దే. పెద్దల పంచాయితీలో నలిగిపోయింది అతనొక్కడే.

ఆ పంచాయితీ రెండు సంఘాల మధ్య నడిచింది. ఒకవైపు అంతర్జాతీయ సమాఖ్య ఎఫ్‌ఐఏ తరఫున రేసులు చూసే ఫీసా, దాని అధ్యక్షుడు ఫ్రాన్స్‌కు చెందిన బాలెస్త్ర్. ఇంకోవైపు ఫోకా అనే జట్ల సంఘం, దాని నాయకుడు బెర్నీ ఎకల్‌స్టన్, ఆయన పక్కనే లాయరు మ్యాక్స్ మోస్లీ. పైకి వాదన, కారు నేలను కరుచుకునేలా అంచులకు వేలాడదీసే ‘స్కర్టు’ల గురించి. అసలు లెక్క టీవీ డబ్బుది. మేమే వేరే చాంపియన్‌షిప్ పెట్టుకుంటామని 1980లోనే ఫోకా ప్రకటించింది. క్యాలామీలో తమ జట్లతోనే రేసు నడిపి చూపించింది కూడా. సమాఖ్య దాన్ని గుర్తించలేదు, అందుకే ఆ పాయింట్లు లెక్కలోకి రాలేదు.

అప్పుడు వేరు పడతామన్నది ఎక్కువగా ఇంగ్లండ్‌లోని చిన్న జట్లు. ఫెరారీ, రెనో, ఆల్ఫా రోమియో లాంటి కార్ల కంపెనీలు సమాఖ్య పక్షాన నిలబడ్డాయి. గొడవ 1981 మార్చిలో ‘కాంకర్డ్ ఒప్పందం’తో సద్దుమణిగింది. రూల్స్ సమాఖ్యవి, వ్యాపారం ఎకల్‌స్టన్‌ది, టీవీ ఆదాయంలో జట్లకు వాటా. పారిస్‌లో ఎఫ్‌ఐఏ ఆఫీసున్న కూడలి పేరే ఒప్పందానికీ వచ్చింది. దాని గడువు దగ్గరపడినప్పుడల్లా ఎవరో ఒకరు వేరు కుంపటి మాట ఎత్తడం అలవాటైపోయింది.

తర్వాత జరిగింది తమాషా. నిన్నటి తిరుగుబాటుదారులే ఇంటి యజమానులయ్యారు. మోస్లీ 1993లో ఎఫ్‌ఐఏ అధ్యక్షుడయ్యాడు. 2011 నుంచి వందేళ్ల పాటు వర్తించే వాణిజ్య హక్కుల్ని 2001లో ఎఫ్‌ఐఏ ఎకల్‌స్టన్ కుటుంబ సంస్థకు ఇచ్చేసింది. ధర 30 కోట్ల డాలర్లకు కాస్త పైన. వందేళ్లకు అంతేనా అని ఎవరికైనా అనిపిస్తుంది, కార్ల కంపెనీలకైతే మరీ కాలింది. ఏటా కోట్లు కుమ్మరిస్తున్నది వాళ్లు, హక్కులు మాత్రం చేతులు మారుతున్నాయి. అదే సమయంలో ఎకల్‌స్టన్ సంస్థలో పెద్ద వాటా జర్మనీ మీడియా వ్యాపారి కిర్ష్ చేతికొచ్చింది. రేసుల్ని డబ్బు కట్టి చూసే చానళ్లలో పెట్టేస్తే తమ కార్ల ప్రచారం గతేమిటని కంపెనీలకు టెన్షన్ పట్టుకుంది. ఫెరారీ యజమాని ఫియట్, ఫోర్డ్, డైమ్లర్‌క్రైస్లర్, బీఎండబ్ల్యూ, రెనో కలిసి జీపీడబ్ల్యూసీ అనే సంస్థ పెట్టాయి. పాత ఒప్పందం 2007తో ముగుస్తుంది కాబట్టి 2008 నుంచి సొంత సిరీస్ అన్నాయి.

ఈ బెదిరింపుకు చట్టం దన్ను కూడా ఉంది, చాలామంది పట్టించుకోని సంగతిది. యూరోపియన్ కమిషన్ ఎఫ్‌ఐఏ మీద గుత్తాధిపత్యం కేసు నడిపి, 2001లో దాన్ని రూల్స్ వరకే పరిమితం చేసింది. పోటీ సిరీస్‌ను కావాలని అడ్డుకునే వీలు తగ్గింది. అయినా సర్క్యూట్లతో, టీవీలతో ఒప్పందాలు ఎకల్‌స్టన్ దగ్గరే ఉన్నాయి, ఫార్ములా వన్ అనే పేరూ అటువైపే. పైగా 1996లో అమెరికాలో ఫార్ములా వన్ తరహా ఇండీ రేసింగ్ రెండుగా చీలింది. మళ్లీ కలవడానికి 2008 దాకా పట్టింది, ఈలోగా ప్రేక్షకులు నాస్కార్ అనే మరో కార్ల రేసు సిరీస్ వైపు మళ్లారు. ఆ ముచ్చట అందరూ చూస్తూనే ఉన్నారు.

చివరికి తేల్చింది ఫెరారీ. 2005 జనవరిలో మిగతా కంపెనీలను వదిలేసి ఎకల్‌స్టన్‌తో 2012 దాకా సంతకం పెట్టింది. ఫెరారీ లేని సిరీస్ ఎవరు చూస్తారు? మిగిలినవి హోండా, టయోటాలను కలుపుకుని కొన్నాళ్లు లాగి, 2006లో రాజీకొచ్చాయి.

2009 తిరుగుబాటులో మాత్రం ఫెరారీయే ముందు నడిచింది. ఆర్థిక మాంద్యానికి హోండా అప్పటికే వెళ్లిపోయింది. ఇంకెవరు పోతారోనని మోస్లీ, ఏడాదికి 4 కోట్ల పౌండ్ల ఖర్చు పరిమితికి ఒప్పుకున్న జట్లకు సాంకేతిక వెసులుబాట్లు ఇస్తానన్నాడు. ఒకే పోటీలో రెండు రకాల రూల్స్ అన్నమాట. ఫెరారీ పారిస్ కోర్టుకెక్కి ఓడింది. రూల్స్ మీద ఆ కంపెనీకి వీటో ఉందని బయటి ప్రపంచానికి తెలిసింది ఆ కేసులోనే. జూన్ 18 రాత్రి, సిల్వర్‌స్టోన్ రేసు వారంలో, జట్ల కొత్త సంఘం ఫోటాలోని ఎనిమిది జట్లు వేరే చాంపియన్‌షిప్ పెడుతున్నామని ప్రకటించాయి. విలియమ్స్, విజయ్ మాల్యా ఫోర్స్ ఇండియా ఆ జాబితాలో లేవు. వచ్చే సీజన్‌కు ఎఫ్‌ఐఏ దగ్గర షరతుల్లేకుండా పేరు నమోదు చేసుకున్నందుకు ఫోటా వాటిని అంతకుముందే సస్పెండ్ చేసింది. స్పాన్సర్ల మీద బతికే జట్టుకు ఒక్క సీజన్ పోయినా మూత పడటమే, కాబట్టి వాటిని తప్పుపట్టలేం.

వారం తిరక్కుండానే, జూన్ 24న, పారిస్‌లో రాజీ కుదిరింది. ఖర్చు పరిమితి పోయింది, మోస్లీ మళ్లీ అధ్యక్ష పదవికి పోటీ చేయనన్నాడు. ఫోటా గెలిచినట్టే కనిపించింది. ఐదు వారాలకు బీఎండబ్ల్యూ ఫార్ములా వన్ నుంచే తప్పుకుంటున్నట్టు చెప్పింది. నవంబరులో టయోటా మూట సర్దుకుంది. డిసెంబరులో రెనో తన జట్టులో పెద్ద వాటా అమ్మేసింది. సొంత సిరీస్ నడుపుతామన్న కంపెనీల్లో మూడు, ఏడాది తిరిగేలోపే ఉన్న సిరీస్‌లో జట్టు నడపడానికే వెనకాడాయి. 2011 డిసెంబరులో ఫెరారీ, రెడ్‌బుల్ ఫోటాకు రాజీనామా చేశాయి. 2014లో ఆ సంఘమే మూతపడింది.