కారు పెయింటుకు ఏ పూత మేలు? కొన్ని అపోహలు – వాస్తవాలు

హనుమకొండలో కార్ల డీటెయిలింగ్ (కారును లోతుగా శుభ్రంచేసి, మెరుగుపెట్టి, పూతలు వేసే) పనిలో ఉన్నందువల్ల, కొత్త కారు కొన్నవారు పూతల గురించి ఏయే మాటలు నమ్మి వస్తారో నాకు రోజూ తెలుస్తూ ఉంటుంది. వాటిలో డబ్బు వృథా చేయించేవాటిని ఇక్కడ వివరిస్తున్నాను.

అపోహ: సెరామిక్ కోటింగ్‌కు 9హెచ్ గట్టిదనం ఉంటుంది కాబట్టి గీతలు పడవు.

వాస్తవం: సెరామిక్ కోటింగ్ అంటే పెయింటు మీద ద్రవంగా పూస్తే ఆరి గట్టిపడే పలుచని పూత. 9హెచ్ అనేది పెన్సిల్ పరీక్షలోని అంకె. వేర్వేరు గట్టిదనం గల పెన్సిళ్లతో పూత మీద గీసి, ఏ పెన్సిల్ వరకు అది తట్టుకుంటుందో చూస్తారు. ఖనిజాల గట్టిదనాన్ని కొలిచే, వజ్రానికి 10 ఇచ్చే మోస్ కొలమానంతో దీనికి సంబంధం లేదు. పైగా ఈ పూత సాధారణంగా ఒకటి రెండు మైక్రాన్ల మందమే ఉంటుంది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). దాని కింద ఉన్న క్లియర్ కోటే, అంటే రంగు మీద కంపెనీ వేసే పారదర్శక పొరే, సుమారు 40 మైక్రాన్లు. అంత పలుచని పొర పక్షి రెట్టల నుంచి, ఎండ నుంచి కొంత కాపాడుతుంది, మురికిని త్వరగా వదిలిస్తుంది. హైదరాబాద్ రోడ్డులో ముందు వెళ్లే లారీ టైరు నుంచి ఎగిరివచ్చే కంకర రాయిని మాత్రం ఆపలేదు. ఆ పని చేసేది 150 నుంచి 200 మైక్రాన్ల మందం ఉండే పీపీఎఫ్ (పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్), అంటే పెయింటు మీద అతికించే పారదర్శక ప్లాస్టిక్ పొర. ఖరీదు ఎక్కువ కాబట్టి బానెట్‌కు, ముందు బంపర్‌కు వేయించుకుంటే చాలునని నా అభిప్రాయం.

అపోహ: కోటింగ్ ఉంటే ఏ నీళ్లతో కడిగినా ఫరవాలేదు.

వాస్తవం: మన ప్రాంతంలో ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. చాలా ఇళ్ల బోరు నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువగా ఉంటాయి. సెరామిక్ పూత మీద నీరు పరుచుకోకుండా బొట్లుగా నిలుస్తుంది. మే నెల ఎండలో ఆ బొట్టు ఆరితే, దానిలోని లవణం అంచు వెంట తెల్లని వలయంగా పేరుకుంటుంది. నల్లరంగు బానెట్‌ను లైటు కింద ఏటవాలుగా చూస్తే ఈ వలయాలు స్పష్టంగా కనిపిస్తాయి. వెంటనే తొలగిస్తే పోతాయి. వదిలేస్తే పూతను తినేస్తాయి, అప్పుడు పాలిష్ పట్టక తప్పదు. అందుకే నీడలో కడిగి, మైక్రోఫైబర్ గుడ్డతో తడి లేకుండా వెంటనే తుడవాలి.

అపోహ: టెఫ్లాన్ కోటింగ్ పెనం మీది పూతలాగే అతుక్కుంటుంది.

వాస్తవం: టెఫ్లాన్ కరిగేదే 327 డిగ్రీల సెల్సియస్ దగ్గర. పెనానికి దాన్ని అంతకు మించిన వేడిలో పట్టిస్తారు. కారును అలా వేడిచేయలేం గనుక, ఆ పేరుతో చేసే పనిని కొన్ని నెలలు నిలిచే పాలిష్‌గానే లెక్కించాలి.

కార్నౌబా మైనం (ఒక రకం తాటిజాతి చెట్టు ఆకుల నుంచి తీసే మైనం) పనికిరాదనుకోవడమూ సరికాదు. అది వారాలే నిలుస్తుంది, కానీ గ్యారేజీలో ఉండే కారుకు, చేత్తో పూసుకునే ఓపిక ఉన్నవారికి తక్కువ ఖర్చులో మంచి మెరుపునిస్తుంది. రామగుండం, భూపాలపల్లి వంటి బొగ్గు గనుల ఊళ్లలో ఆరుబయట నిలిపే కారుకు మాత్రం సెరామిక్ పూతనే సూచిస్తాను, ఎందుకంటే పేరుకున్న నల్ల దుమ్ము దాని మీది నుంచి నీటి ధారకే చాలావరకు జారిపోతుంది. ఆ దుమ్మును పొద్దున్నే పొడిగుడ్డతో తుడిచే అలవాటును ముందు మానుకోవాలి. పెయింటుపై కనిపించే గుండ్రని సన్నగీతలకు ప్రధాన కారణం అదే. ఆ గీతలను పాలిష్‌తో తీయకుండా పూత వేస్తే అవి దాని కిందే ఉండిపోతాయి. కాబట్టి పని ఒప్పుకునే ముందు, పూత పేరు కంటే ముందుగా, పాలిష్ ఎన్ని దశల్లో చేస్తారో అడగండి.