రంగు పువ్వుది, విషం పొట్లంలోది

దానిమ్మ తొక్కలు, ఉల్లిపొట్టు, బంతిపూలు ఉడకబెట్టి ఇంట్లోనే బట్టలకు రంగులు వేసుకోవడం ఇప్పుడు చాలామందికి సరదా. కిట్టు మీద ‘సహజం’ అని రాసి ఉంటే ఇక టెన్షన్ ఉండదు. కానీ చూడాల్సింది పూలను కాదు, వాటితోపాటు వచ్చే చిన్న పొట్లాన్ని.

పూలరంగులు చాలావరకు దారాన్ని అంటిపెట్టుకుని ఉండవు. రెండు ఉతుకులకే వెలిసిపోతాయి. అందుకే గుడ్డను ముందు ఏదో ఒక లోహ లవణంలో నానబెడతారు. ఆ చిన్న పొట్లంలో ఉండేది ఇదే. ఆ లోహం ఇటు దారాన్నీ అటు రంగునీ పట్టుకుని కూర్చుంటుంది. శ్రీకాళహస్తి కలంకారీలో ఎరుపు నిలిచేది పటిక వల్లే. నలుపు కోసం తుప్పు ఇనుమును బెల్లం నీళ్లలో పులియబెడతారు. కరక్కాయ పట్టించిన గుడ్డ మీద ఆ నీళ్లలో ముంచిన కలం ఆనిన చోటల్లా నల్లబడుతుంది.

ఉన్ని అద్దకంలోకి 19వ శతాబ్దంలో ఇంకొకటి వచ్చి చేరింది: పొటాషియం డైక్రోమేట్. నారింజరంగు స్ఫటికాలు, చూడ్డానికి కలకండలా ముచ్చటగా ఉంటాయి. అసలు ప్రమాదం ఈ డైక్రోమేటే.

ఇందులో ఉండేది హెక్సావలెంట్ క్రోమియం, అంటే క్రోమియం లోహపు విషపూరిత రూపం. నీళ్లలో ఇది మన ఒంటికి అవసరమైన సల్ఫేట్ ఆకారంలోనే ఉంటుంది. కణం దాన్ని సల్ఫేటే అనుకుని లోపలికి రానిస్తుంది. లోపలికొచ్చాక అది ట్రైవలెంట్ అనే తక్కువ హానికర రూపంలోకి మారుతూ, ఆ మారే క్రమంలో డీఎన్ఏను దెబ్బతీస్తుంది. పొడి పీల్చినవాళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు, తాకిన చేతులకు మానని పుండ్లు, అలర్జీ. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1990లోనే దీన్ని మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల్లో చేర్చింది. ఐరోపా సమాఖ్యలో 2017 సెప్టెంబర్ తర్వాత డైక్రోమేట్ వాడాలంటే ప్రత్యేక అనుమతి ఉండాలి.

విచిత్రమేమిటంటే, ఉన్నిలోకి చేరిన క్రోమియం కూడా చాలావరకు ట్రైవలెంట్‌గానే మారిపోతుంది, అంత హాని చేయదు. శాలువా కప్పుకున్నవాళ్ల కంటే దానికి రంగు వేసినవాళ్లకే, మిగిలిన నీళ్లు పారబోసిన కాలువకే ముప్పు.

పటికతో చాలా రంగులు చక్కగా నిలుస్తాయి కాబట్టి ఇంట్లో డైక్రోమేట్ పెట్టుకోవాల్సిన అవసరమే నాకు కనిపించదు. ఇదే పనికి వాడే మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్), అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) దీనంత భయంకరమైనవి కావు గానీ, మింగితే అవీ విషమే. పసిపిల్లలకు అన్నభేది ప్రాణాంతకం కూడా. ఏది వాడినా ఆ గిన్నె మళ్లీ వంటకు పనికిరాదు.

ఇదే అన్నభేదిని కర్మాగారాల్లో వ్యర్థజలాల్లోని హెక్సావలెంట్ క్రోమియాన్ని ట్రైవలెంట్‌గా మార్చేయడానికి వాడతారు. అది ఇంట్లో చేసే పని కాదు. పాత నారింజ పొట్లం మీ దగ్గరుంటే సింకులో పోయకండి. ప్రమాదకర వ్యర్థాలు తీసుకునేవాళ్లకు, మూత విప్పకుండా, అప్పగించండి.