డ్యాక్ కొనేముందు

పర్లాకిమిడి

చిరంజీవులు బుజ్జమ్మకి, చిన్నోడికి తాతయ్య దీవెనలు.

హాల్లో స్టీరియోకి కొత్త డ్యాక్ (డిజిటల్ అంకెల్ని పాటగా మార్చే డబ్బా) కొందామని రాశారు. బరంపురం వెళ్లి డబ్బులు పోసేముందు ఒక్క సంగతి తేల్చుకోండి. ఇప్పుడున్న దాంట్లో మీకు వినిపిస్తున్న లోపం ఏమిటి? "ఇంకా బాగుండాలి" అన్నది లోపం కాదర్రా.

సీడీలో సెకనుకి 44,100 సార్లు కొలిచి రాసిన అంకెలుంటాయి, ఒక్కోటీ 16 బిట్లు. వాటిని ఆంప్లిఫైయర్‌కి పనికొచ్చే వోల్టేజీగా మార్చడమే డ్యాక్ పని. 16 బిట్లంటే అన్నిటికన్నా పెద్ద శబ్దానికీ, అడుగునుండే బుసకీ మధ్య దాదాపు 96 డెసిబెళ్ల ఎడం. మీరు వినే ఘంటసాల పాటలైనా, అక్షయ మహంతి ఒడియా పాటలైనా టేపు మీద రికార్డయినవి. ఆ టేపు బుస ముందు మామూలు డ్యాక్ బుస ఏ మూలకి? పైగా మన వేసవిలో ఫ్యాను ఆపి పాట వినేదెవరు!

కొనాల్సిన సందర్భాలూ ఉన్నాయి. కంప్యూటర్ హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి వైరు లాగితే, మౌస్ కదిపినప్పుడల్లా స్పీకర్లో సన్నగా కీచుమంటుంది. దానికి బయట పెట్టే డ్యాక్ మంచి మందు. టీవీకి ఆప్టికల్ (శబ్దాన్ని వెలుగుగా పంపే సాకెట్) తప్ప వేరే దారి లేక, ఆంప్లిఫైయర్‌కి ఆ సాకెట్ లేకపోయినా కొనక తప్పదు. అప్పుడు టీవీ సౌండ్ సెట్టింగులో పీసీఎం (కుదించని మామూలు డిజిటల్ శబ్దం) పెట్టాలి. డాల్బీలో వదిలేస్తే స్టీరియో డ్యాక్ నుంచి పాట రాదు.

గుయ్‌మని 50 హెర్ట్జ్ మోత వస్తుంటే ముందు ల్యాప్‌టాప్ చార్జర్ పీకి చూడండి. ఆగిందా, తప్పు ఎర్త్ వైర్లలో చుట్టులా తిరిగే కరెంటుది. ఆప్టికల్ కేబుల్లో నడిచేది వెలుగే కాబట్టి ఆ చుట్టు అక్కడ తెగిపోతుంది. అంతేగాని మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను మాత్రం విరవకండి, షాక్ కొడుతుంది. వానాకాలంలో ఒక పక్క స్పీకర్ వచ్చి పోతుంటే, చెమ్మకి ఆర్‌సీఏ పిన్నులు (ఎరుపు, తెలుపు ఆడియో వైర్ల పిన్నులు) నల్లబడి ఉంటాయి. అన్నీ ఆపి, పిన్నుల్ని లాగి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో తుడవండి.

ఇవేవీ కాక, మంచిదేదో చెవితోనే తేల్చాలంటారా? వాల్యూమ్ నాబ్ ఉన్న డ్యాక్ ఒకటి ఎవరిదగ్గరైనా అడిగి తెచ్చుకోండి. డీవీడీ ప్లేయర్ ఆర్‌సీఏ వైరు ఆంప్లిఫైయర్ సీడీ ఇన్‌పుట్‌కి, ఆప్టికల్ వైరు డ్యాక్‌కి, డ్యాక్ నుంచి ఆంప్లిఫైయర్ ఆక్స్ ఇన్‌పుట్‌కి పెట్టండి. 100 హెర్ట్జ్ టోన్ ఉన్న డిస్కు చిన్న వాల్యూమ్‌లో వేసి, స్పీకర్ టెర్మినళ్ల దగ్గర మల్టీమీటర్‌ని ఏసీ వోల్టులో పెట్టి రెండు ఇన్‌పుట్‌లూ కొలవండి. డ్యాక్ నాబ్ తిప్పి తేడా నూటికి ఒకటి లోపుకి తెండి. ఇక్కడే అందరూ బోల్తా పడతారు. ఒకటి 2 వోల్టులు, ఇంకోటి 1.5 వోల్టులు ఇస్తే తేడా 2.5 డెసిబెళ్లు. గట్టిగా మోగేదే చెవికి బాగుందనిపిస్తుంది, దుకాణంలో జరిగేదీ చాలావరకు అదే.

ఇక చిన్నోడు గోడవైపు తిరిగి కూచోవాలి. బుజ్జమ్మ నాణెం ఎగరేసి, బొమ్మా బొరుసూ ప్రకారం ఇన్‌పుట్ మారుస్తూ, మోగేది ఏదో చెప్పమని పదిసార్లు అడగాలి. ఏడు ఒప్పయితే సంబరపడకండి, ఊరికే గుడ్డిగా చెప్పినా నూటికి పదిహేడుసార్లు ఏడో అంతకన్నా ఎక్కువో తగులుతాయి. తొమ్మిది, పది వస్తేనే నమ్మండి.

తేడా దొరకకపోతే స్పీకర్లని మూలల్లోంచి బయటికి జరపండి, మూలలో బేస్ గుమ్మని మోగి పాటని మింగేస్తుంది. ప్లస్, మైనస్ వైర్లు రెండువైపులా ఒకేలా ఉన్నాయో చూడండి. ఒక పక్క తిరగబడితే బేస్ పలచబడి, గొంతు మధ్యలో నిలబడదు.

ఆంప్లిఫైయర్ వెనకభాగం ఫొటో ఒకటి పంపండి. ఏ సాకెట్లు ఖాళీగా ఉన్నాయో చూసి చెప్తాను.

మీ తాతయ్య