జ్వరం తగ్గింది, వైరస్ పోయిందా?

"మా అబ్బాయికి జ్వరం తగ్గిన మూడు వారాలకే షుగర్ బయటపడింది, ఆ జ్వరమే కారణమా?" అని ఒక పాఠకురాలు అడిగారు. ఆ జ్వరం మీద నేరం మోపడం బహుశా సరికాదు. టైప్ 1 మధుమేహంలో క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలను శరీరపు రక్షణ వ్యవస్థే నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి నాశనం చేస్తూ వస్తుంది; చివర్లో వచ్చిన జ్వరం ఇన్సులిన్ అవసరాన్ని పెంచి, మిగిలిన కొద్ది కణాల అశక్తతను బయటపెడుతుంది, అంతే. అనుమానించవలసింది అంతకు చాలా ముందు, ఎవరికీ గుర్తుండనంత తేలికగా వచ్చిపోయిన ఇన్‌ఫెక్షన్‌ను.

అనుమానితుల్లో ముందున్నవి పేగుల్లో పెరిగే ఎంటెరోవైరస్‌లు, వాటిలోనూ కాక్సాకీ-బి రకాలు. మధుమేహం బయటపడిన కొద్ది రోజులకే మరణించిన పదేళ్ల బాలుడి క్లోమం నుంచి అమెరికా పరిశోధకులు వేరుచేసిన ఇలాంటి వైరస్‌ను చిట్టెలుకలకు ఎక్కించగా వాటి బీటా కణాలు దెబ్బతిన్నాయని 1979లో ప్రకటించారు.

అయితే ఈ వైరస్‌కు బీటా కణమే ఎందుకు చిక్కుతుంది? నన్ను ఎప్పుడూ వెంటాడే ప్రశ్న ఇదే. వైరస్ కణాన్ని పట్టుకునేందుకు వాడుకునే 'కార్' అనే గ్రాహకం, బీటా కణాల్లో ఇన్సులిన్ దాచుకున్న సూక్ష్మ సంచుల పొరమీద ఉన్నట్టు 2018లో వెల్లడైంది. రక్తంలో చక్కెర పెరిగినప్పుడు ఆ సంచి కణపు అంచుకు జరిగి, అంచుపొరతో కలిసిపోయి, ఇన్సులిన్‌ను బయటికి కుమ్మరిస్తుంది. జేబును తిరగదీస్తే లోపలి గుడ్డ పైకి వచ్చినట్టు, సంచి లోపలి ముఖం అప్పుడు కణం వెలుపలికి తిరుగుతుంది. దానితోపాటే గ్రాహకమూ బయటపడి వైరస్‌కు అందుతుందని ఊహ. కణం ఆ పొరను తిరిగి లోపలికి లాక్కునేటప్పుడు, దానికి అంటుకున్న వైరస్ కూడా వెంట రావచ్చు. ఇది నిజమైతే, ఎంత ఎక్కువగా పనిచేసే కణానికి అంత ఎక్కువ ముప్పు.

లోపలికి చేరిన వైరస్ ఆర్‌ఎన్‌ఏను ఎండీఏ5 అనే ప్రోటీన్ పసిగట్టి, వైరస్ వచ్చిందని హెచ్చరించే ఇంటర్‌ఫెరాన్‌ల ఉత్పత్తికి సంకేతమిస్తుంది. వాటి ప్రభావంతో కణం తన ఉపరితలం మీద లోపలి ప్రోటీన్ ముక్కలను బయటికి చూపే హెచ్‌ఎల్‌ఏ క్లాస్-1 అణువులను పెంచుకుని, రక్షణ వ్యవస్థలో దాడిచేసే టి-కణాల కంట పడుతుంది. విచిత్రమేమిటంటే, ఎండీఏ5 జన్యువులో దాని పనిని మందగింపజేసే కొన్ని అరుదైన మార్పులున్నవారికి టైప్ 1 ముప్పు తక్కువ. వైరస్ కంటే, దానిపై కణం పెట్టే కేకే ఎక్కువ హాని చేస్తుందేమో!

జన్యుపరంగా ముప్పున్న పిల్లలను పుట్టినప్పటి నుంచి గమనిస్తున్న 'టెడ్డీ' అధ్యయనం 2019లో మరో ఆధారం చేర్చింది. బీటా కణాలపై దాడికి గుర్తైన ప్రతిరక్షకాల (యాంటీబాడీల) పుట్టుకతో సంబంధం కనిపించింది వచ్చి పోయే చిన్న ఇన్‌ఫెక్షన్‌లకు కాదు. పిల్లల మలంలో ఒకే ఎంటెరోవైరస్-బి (కాక్సాకీ-బి చేరే వర్గం) రకం చాలాకాలం వరుసగా కనిపించిన సందర్భాలకు.