ట్యాబ్ కీ వెనుక నడిచే కోడ్: షెల్ కంప్లీషన్ గురించి అపోహలు - వాస్తవాలు

టర్మినల్‌లో మనం కొట్టే కమాండ్‌లను నడిపే ప్రోగ్రామ్ షెల్, బ్యాష్ అలాంటిదే ఒకటి. సగం కొట్టిన పదాన్ని ట్యాబ్ నొక్కితే అది పూర్తిచేయడమే కంప్లీషన్. మా టీమ్ సొంతంగా రాసుకున్న కమాండ్‌లకు బ్యాష్ కంప్లీషన్ తయారుచేసే పని కొన్నేళ్లుగా నాదే. కొత్తగా చేరినవాళ్ల దగ్గర అవే అపోహలు మళ్లీ మళ్లీ వినిపిస్తుంటాయి. వాటిలో రెండు నిజంగా నష్టం చేస్తాయి కాబట్టి వాటి గురించి కాస్త ఎక్కువే రాస్తున్నాను.

అపోహ: ట్యాబ్ నొక్కితే ఏం రావాలో షెల్‌కే తెలుసు.

బ్యాష్‌కు తనంతట తెలిసినవి కొన్నే. కమాండ్‌ల పేర్లు, ఫైళ్లు, డాలర్ గుర్తు తర్వాత వేరియబుల్స్, టిల్డా తర్వాత యూజర్ల పేర్లు, ఇలాంటివి. గిట్ (కోడ్ మార్పులను భద్రపరిచే టూల్)లో బ్రాంచ్ మార్చడానికి గిట్ చెకౌట్ అని కొట్టి ట్యాబ్ నొక్కితే బ్రాంచ్‌ల పేర్లు వస్తున్నాయంటే, ఎవరో కూర్చుని దానికోసం ఒక ఫంక్షన్ రాశారన్నమాట. అలా రాసుకునే వీలు 2000లో, 2.04 వెర్షన్‌తో బ్యాష్‌లోకి వచ్చింది. పద్ధతి చాలా చిన్నది. ట్యాబ్ నొక్కగానే బ్యాష్ మనం అప్పటిదాకా కొట్టిన లైన్‌ను ముక్కలు చేసి కాంప్‌వర్డ్స్ అనే అర్రేలో (పదాల వరుసలో) పెడుతుంది. కర్సర్ ఎన్నో ముక్క మీద ఉందో కూడా చెబుతుంది. మన ఫంక్షన్ సరిపోయే పదాలను కాంప్‌రిప్లై అనే అర్రేలో నింపి తిరిగొస్తుంది.

అపోహ: అంత చిన్న పనికి హెల్పర్ ఫంక్షన్లు (ముందే రాసిపెట్టిన సాయపడే ఫంక్షన్లు) ఎందుకు? జాబితాలోంచి సరిపోయే పదాలను ఏరే కాంప్‌జెన్ అనే బ్యాష్ కమాండ్‌కు పదాల జాబితా ఇస్తే సరిపోతుంది.

స్టార్ట్, స్టాప్ లాంటి సబ్‌కమాండ్‌లకు నిజంగానే సరిపోతుంది. కోలన్ వచ్చిందా, కథ మారిపోతుంది. మా డిప్లాయ్ కమాండ్‌కు ఇమేజ్ (సిద్ధంగా ప్యాక్ చేసిన అప్లికేషన్) పేరు ఇవ్వాలి, ఉదాహరణకు షాప్:1.2 అని. నేను మొదటిసారి రాసిన ఫంక్షన్‌లో షాప్:1 దాకా కొట్టి ట్యాబ్ నొక్కితే ఏమీ రాలేదు. బ్యాష్ పదాలను విడగొట్టే గుర్తుల్లో కోలన్ కూడా ఉంది. అందుకే షాప్, కోలన్, 1 అని మూడు ముక్కలయ్యాయి, నా ఫంక్షన్ ఒట్టి 1తో మొదలయ్యే ఇమేజ్ కోసం వెతికింది. ముక్కలను నేనే అతికించి వెతికితే ఈసారి లైన్ మీద షాప్:షాప్:1.2 అని వచ్చింది. ఎందుకంటే రీడ్‌లైన్ (బ్యాష్‌లో మనం కొట్టే లైన్‌ను చూసుకునే భాగం) మార్చేది కోలన్ తర్వాతి భాగాన్ని మాత్రమే, నేనేమో పేరు మొత్తం ఇచ్చాను.

ఈ రెండు చిక్కులకూ, చాలా కమాండ్‌ల కంప్లీషన్లను ఒకచోట చేర్చిన బ్యాష్ కంప్లీషన్ ప్రాజెక్టులో ఎప్పటినుంచో మందు ఉంది. గెట్ కాంప్ వర్డ్స్ బై రెఫ్ అనే హెల్పర్‌కు కోలన్ దగ్గర విడగొట్టవద్దని చెబితే పదాన్ని అతికించి ఇస్తుంది. చివర్లో ఎల్‌ట్రిమ్ కోలన్ కంప్లీషన్స్‌ను పిలిస్తే జవాబుల్లోంచి కోలన్ దాకా ఉన్న ముందు భాగాన్ని కత్తిరిస్తుంది. ఆ ప్రాజెక్టు 2.12 వెర్షన్‌తో చాలా హెల్పర్ల పేర్లు మారాయి, కాబట్టి మీ మెషీన్‌లో ఏ వెర్షన్ ఉందో ఒకసారి చూసుకోండి. కొందరు షార్ట్‌కట్‌గా విడగొట్టే గుర్తుల్లోంచి కోలన్‌నే తీసేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. అది షెల్ మొత్తానికీ వర్తిస్తుంది, పాత్ వేరియబుల్‌లో (కమాండ్‌లను వెతికే డైరెక్టరీల జాబితాలో) కోలన్ తర్వాత డైరెక్టరీ పేరు కొడుతుంటే ట్యాబ్ పనిచేయడం మానేస్తుంది.

ఫైళ్ల పేర్ల కోసం ఫైల్‌డిర్ అనే హెల్పర్ ఉంది. పేరులో స్పేస్ ఉంటే కోట్ చేయడం, డైరెక్టరీ చివర స్లాష్ పెట్టడం దాని ద్వారా జరిగిపోతాయి. అవన్నీ మళ్లీ మనం రాసుకోవడం వృథా శ్రమ.

అపోహ: ట్యాబ్ చూపిస్తుందంతే, ఏదీ రన్ చేయదు. భయం లేదు.

నన్ను బాగా కలవరపెట్టే అపోహ ఇది. కంప్లీషన్ ఫంక్షన్ వేరే ప్రాసెస్‌లో నడవదు, మీరు పనిచేస్తున్న షెల్‌లోనే నడుస్తుంది. ఒకసారి మా సహోద్యోగి టర్మినల్‌లో మామూలు ఫర్ లూప్ ఉన్నట్టుండి తప్పుగా నడవడం మొదలైంది. నాలుగు సర్వర్ల పేర్లున్న స్ట్రింగ్‌ను ఒకే పేరుగా తీసుకుంటోంది. కొత్త టర్మినల్ తెరిస్తే బాగుంటుంది, కాసేపటికి మళ్లీ అదే తంతు. రిలీజ్ రోజు కావడంతో అందరికీ టెన్షన్. రెండు గంటలు వెతికాక తప్పు నా ఫంక్షన్‌లో దొరికింది. పదాలను ఏ గుర్తుల దగ్గర విడగొట్టాలో చెప్పే ఐఎఫ్‌ఎస్ అనే వేరియబుల్‌ను న్యూలైన్‌గా మార్చాను, మార్పును ఆ ఫంక్షన్‌కే పరిమితం చేసే లోకల్ అనే మాట ముందు రాయలేదు. ఒక్కసారి ట్యాబ్ నొక్కితే చాలు, ఆ షెల్ ఇక స్పేస్ దగ్గర పదాలను విడగొట్టడం మానేసేది. ఆ రోజు నుంచి ఫంక్షన్‌లో వాడే ప్రతి వేరియబుల్‌కూ లోకల్ పెట్టాకే మిగతా కోడ్ రాస్తున్నాను.

భద్రత విషయం ఇంకా ముఖ్యం. కాంప్‌జెన్‌కు మైనస్ డబ్ల్యూ అనే ఆప్షన్‌తో ఇచ్చే జాబితాను బ్యాష్ ఉన్నదున్నట్టు తీసుకోదు. అందులోని వేరియబుల్స్‌ను, కమాండ్ సబ్‌స్టిట్యూషన్‌ను (డాలర్ తర్వాత బ్రాకెట్ల మధ్య రాసిన కమాండ్‌ను నడిపి దాని ఫలితాన్ని అక్కడ పెట్టడం) కూడా విస్తరిస్తుంది. గిట్ బ్రాంచ్ పేరులో డాలర్, బ్రాకెట్లు ఉండొచ్చు. అలాంటి బ్రాంచ్ పేరున్న రిపోను (గిట్ కోడ్ నిల్వను) మీరు క్లోన్, అంటే కాపీ, చేసుకున్నారనుకోండి. బ్రాంచ్ పేర్లన్నీ నేరుగా మైనస్ డబ్ల్యూకు ఇచ్చే ఫంక్షన్ మీ దగ్గర ఉంటే, బ్రాకెట్ల మధ్య ఉన్న కమాండ్ ట్యాబ్ నొక్కగానే రన్ అవుతుంది, ఎంటర్ దాకా కూడా పోనక్కర్లేదు. బయటినుంచి వచ్చే పేర్లను లూప్‌లో ఒక్కొక్కటిగా చదివి, మొదటి అక్షరాలు కలుస్తున్నాయో లేదో మనమే పోల్చి, కోట్ చేసి కాంప్‌రిప్లైలో పెట్టడం మంచిది. మేక్ (ప్రోగ్రామ్‌లను బిల్డ్ చేసే టూల్)తోనూ జాగ్రత్త. టార్గెట్ల (బిల్డ్ చేయాల్సిన పనుల) పేర్లు చూపించడానికి దాని కంప్లీషన్ మేక్‌నే పిలుస్తుంది, ఆ పనులు రాసి ఉండే మేక్‌ఫైల్‌లో కమాండ్‌లను నడిపే షెల్ ఫంక్షన్ ఉంటే అప్పుడే నడిచిపోవచ్చు. ఎవరు రాశారో తెలియని కోడ్ డైరెక్టరీలో నేను ట్యాబ్ నొక్కే ముందు మేక్‌ఫైల్ చదువుతాను.

అపోహ: కంప్లీషన్లు ఎక్కువైతే టర్మినల్ తెరుచుకోవడం ఆలస్యమవుతుంది.

అన్నీ బ్యాష్‌ఆర్‌సీలో (టర్మినల్ తెరిచినప్పుడల్లా నడిచే ఫైల్‌లో) కుక్కితే అవుతుంది. ఒక్కో కమాండ్‌కు ఒక్కో ఫైల్ రాసి కంప్లీషన్స్ డైరెక్టరీలో పెడితే, ఆ కమాండ్‌కు మొదటిసారి ట్యాబ్ నొక్కినప్పుడే అది లోడ్ అవుతుంది. ఆ ఫైల్‌ను లోడ్ చేసే పని చూసే ఫంక్షన్ 124 రిటర్న్ చేస్తే బ్యాష్ మళ్లీ మొదటినుంచి ప్రయత్నిస్తుంది, కిటుకంతా అదే. అసలు ఆలస్యం వేరేచోట ఉంటుంది, ట్యాబ్ నొక్కిన ప్రతిసారీ నెట్‌వర్క్ మీద ఎవరినో అడిగే ఫంక్షన్లలో. వాటి జవాబులను కాసేపు ఫైల్‌లో దాచిపెట్టుకోండి.

అపోహ: నా లినక్స్‌లో పనిచేసింది, అందరికీ పనిచేస్తుంది.

మ్యాక్‌తో వచ్చే బ్యాష్ ఇప్పటికీ 3.2 దగ్గరే ఉంది, కంప్లీషన్ ఆప్షన్లను మార్చే కాంప్‌ఆప్ట్ అనే కమాండ్ దానికి తెలియదు. 2019లో వచ్చిన కాటలీనా నుంచి అక్కడ డిఫాల్ట్ షెల్ జెడ్‌ఎస్‌హెచ్, దాని పద్ధతే వేరు.

అపోహ: తెలుగు పేర్లున్న ఫైళ్లకు ట్యాబ్ పనికిరాదు.

లొకేల్ (భాష, అక్షరాల సెట్టింగ్) యూటీఎఫ్-8లో ఉంటే చక్కగా పనిచేస్తుంది. ఒత్తులు, గుణింతాల దగ్గర చాలా టర్మినళ్లలో కర్సర్ పక్కకు జరిగినట్టు కనిపిస్తుంది గానీ, లైన్‌లో చేరిన పేరు సరైనదే.

అపోహ: కంప్లీషన్ ఫంక్షన్‌ను టెస్ట్ చేయాలంటే ట్యాబ్ నొక్కుతూ కూర్చోవాల్సిందే.

అక్కర్లేదు. కాంప్‌వర్డ్స్‌లో పదాలు, కాంప్‌సీవర్డ్‌లో స్థానం చేత్తో పెట్టి, ఫంక్షన్‌ను నేరుగా పిలిచి కాంప్‌రిప్లైను ప్రింట్ చేస్తే సరిపోతుంది. పదాల్లో కోలన్‌ను విడి ముక్కగా ఇవ్వండి, బ్యాష్ ఇచ్చేది అలాగే. హెల్పర్లు కొన్ని మొత్తం లైన్‌ను, కర్సర్ స్థానాన్ని కూడా చూస్తాయి, కాబట్టి కాంప్‌లైన్, కాంప్‌పాయింట్ కూడా నింపాలి. మా ఇమేజ్ పేర్ల టెస్ట్ ఈ నాలుగు వేరియబుల్స్‌తోనే నడుస్తోంది. దాని చివరి లైన్ ఫంక్షన్‌ను పిలిచాక ఐఎఫ్‌ఎస్ మారిందేమో చూస్తుంది.