ఆలస్యానికి హద్దు కావాలి

1997 జులై 4న నాసా వారి మార్స్ పాత్‌ఫైండర్ నౌక అంగారకుడి మీద దిగింది. కొద్ది రోజులకే దాని కంప్యూటర్ మాటిమాటికీ రీసెట్ అవసాగింది. అందులో ఉన్నది వీఎక్స్‌వర్క్స్ అనే రియల్‌టైమ్ ఆపరేటింగ్ సిస్టమ్ (ఆర్‌టీఓఎస్), అంటే పనులు గడువులోగా జరిగేలా చూసే సాఫ్ట్‌వేర్. వాతావరణ వివరాలు సేకరించే తక్కువ ప్రాధాన్యం ఉన్న చిన్న టాస్క్ (ప్రోగ్రామ్‌లో ఒక పని) ఒకటి, ఒకసారికి ఒక్కరే వాడుకునేలా చూసే మ్యూటెక్స్ అనే తాళం పట్టుకుని ఉండేది. అదే తాళం కోసం అంతకన్నా ముఖ్యమైన టాస్క్ కాచుకుని ఉండేది. ఈలోగా మధ్యరకం ప్రాధాన్యం ఉన్న మరో టాస్క్ వచ్చి చిన్నదాన్ని ఆపేసేది. చిన్నది కదలదు, తాళం వదలదు, పెద్దదాని గడువు దాటిపోతుంది. గడువు దాటిందని గమనించిన సిస్టమ్ తనంతట తాను రీసెట్ అయ్యేది.

దీనికి మందు వీఎక్స్‌వర్క్స్‌లోనే ఉంది. తాళం ఎవరి దగ్గరుంటే వారికి, కాచుకున్న పెద్ద టాస్క్ ప్రాధాన్యాన్ని కాసేపు అరువివ్వడం. ఆ మ్యూటెక్స్‌కు ఈ సదుపాయం ఆఫ్‌లో ఉంది. భూమి మీద నుంచే దాన్ని ఆన్ చేశారు, రీసెట్లు ఆగిపోయాయి.

అందుకే ఆర్‌టీఓఎస్ ఎంచుకునేటప్పుడు సగటు వేగం చూసి మురిసిపోతే లాభం లేదు. అత్యంత చెడ్డ సందర్భంలో ఎంత ఆలస్యం అవుతుందన్నదే లెక్క. లక్షసార్లు 5 మైక్రోసెకన్లలో స్పందించి ఒక్కసారి 5 మిల్లీసెకన్లు తీసుకునేదానికన్నా, ఎప్పుడూ 20 మైక్రోసెకన్లు దాటనిదే నయం.

ఒక మోటార్‌ను సెకనుకు 20,000 సార్లు సరిదిద్దాలనుకుందాం. ఒక్కో విడతకు దొరికేది 50 మైక్రోసెకన్లు. ఫ్రీఆర్‌టీఓఎస్ అనే ఆర్‌టీఓఎస్‌లో టిక్‌ను, అంటే అది సమయం లెక్కపెట్టే అంచెను, సాధారణంగా 1 మిల్లీసెకనుగా పెట్టుకుంటారు. అంటే టాస్క్‌ను కాసేపు నిద్రపుచ్చి లేపే పద్ధతి ఇక్కడ పనికిరాదు. ఆ పని హార్డ్‌వేర్ టైమర్ ఇంటరప్ట్‌కే, అంటే నడుస్తున్న పనిని ఆపించి తన కోడ్‌ను ముందు నడిపించే సంకేతానికే, అప్పజెప్పాలి. కార్టెక్స్-ఎమ్4 చిప్, మెమరీ ఆలస్యం చేయకపోతే, 12 క్లాక్ సైకిళ్లలో ఇంటరప్ట్‌లోకి దిగుతుంది. 100 మెగాహెర్ట్జ్ దగ్గర అది 0.12 మైక్రోసెకను. ఈ చిప్‌లపై ఫ్రీఆర్‌టీఓఎస్‌లో ఇంకో వెసులుబాటు ఉంది. ఒక ప్రాధాన్య స్థాయికి పైనున్న ఇంటరప్ట్‌లను కెర్నల్ (ఆర్‌టీఓఎస్ గుండెకాయ లాంటి భాగం) ఎప్పుడూ అడ్డుకోదు. బదులుగా వాటిలోంచి కెర్నల్ ఫంక్షన్లు పిలవకూడదు. ఈ షరతు మర్చిపోయి రోజుల తరబడి తల పట్టుకునేవాళ్లు తక్కువేం కాదు.

ఇక పేర్ల సంగతి. 2003లో మొదలైన ఫ్రీఆర్‌టీఓఎస్ చిన్నది, సులువుగా అర్థమవుతుంది. 2016లో లైనక్స్ ఫౌండేషన్ కింద వచ్చిన జెఫిర్‌లో డ్రైవర్లు, నెట్‌వర్కింగ్ బోలెడు. నేర్చుకోవడానికి మాత్రం ఓపిక కావాలి. పెద్ద ప్రాసెసర్, ఫైళ్లు, స్క్రీన్ అన్నీ ఉంటే, 2024లో ప్రధాన లైనక్స్‌లో కలిసిన ప్రీఎంప్ట్-ఆర్‌టీ (లైనక్స్‌ను రియల్‌టైమ్‌కు పనికొచ్చేలా చేసే మార్పులు) చూడొచ్చు. చేయాల్సిన పనులు రెండో మూడో అయితే నా ఓటు దేనికీ కాదు. ఒక లూప్, రెండు ఇంటరప్ట్‌లు చాలు.

ఏది ఎంచుకున్నా మీ బోర్డు మీదే కొలవండి. ఇంటరప్ట్ రాగానే కోడ్‌తో ఒక పిన్ వోల్టేజీని పైకి లేపి, ఇంటరప్ట్ సంకేతానికీ దానికీ మధ్య సమయం తేడాను ఆసిలోస్కోప్‌లో చూడండి. బోర్డు ఖాళీగా ఉన్నప్పుడు కాదు, నెట్‌వర్క్ రద్దీగా ఉండి ఫ్లాష్ మెమరీలో రాత కూడా జరుగుతున్నప్పుడు. చాలా చిప్‌లలో ఫ్లాష్‌ను చెరిపేంతసేపూ అందులోంచి నడిచే కోడ్ ఆగిపోతుంది, అదీ మిల్లీసెకన్ల కొద్దీ. దాన్ని ఏ ఆర్‌టీఓఎస్ కూడా ఆపలేదు. ఆ ఇంటరప్ట్ కోడ్‌ను, ఏ ఇంటరప్ట్‌కు ఏ కోడ్ నడవాలో చెప్పే వెక్టర్ టేబుల్‌ను ర్యామ్‌లోకి మార్చుకోవాల్సిందే.